ఎల్లమ్మ పీటకు మరిదిని పిలవబోయాను

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా పక్కింటి సరోజన రాస్తోంది. నేను పోయిన అంటే ఆమె వెళ్లాను అని రాస్తోంది. రాయనీ, పుస్తకంలో అట్లాగే ఉండాలట. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాయమన్నాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. మా ఆయన సాంచ నడిపేవాడు, నేను దానికి దారపు కండెలు చుట్టేదాన్ని. ఆయన పోయి మూడేళ్లు దాటింది. కండెలు ఇప్పటికీ చుడుతున్నాను. బెల్లంపల్లి, ఆసిఫాబాద్ నేను ఎన్నడూ చూడని ఊళ్లు. చూడాలని వెళ్లలేదు, ఒక పని మీద వెళ్లాను. ఆ పని ముందు చెప్పాలి, లేకపోతే మిగిలింది మీకు అర్థం కాదు.

బుట్ట ఎవరింట ఉండాలి

మా ఇంట్లో ఎల్లమ్మ ఉంది. చూడడానికి ఒక వెదురు బుట్ట, అందులో గవ్వలు, చిన్న వెండి ముఖం, పసుపు సంచి, అంతే. ప్రతి మంగళవారం దీపం పెట్టాలి. కొన్నేళ్లకోసారి ఎల్లమ్మ పూజ చేసే బైండ్లాయన వచ్చి నేల మీద రంగుల పొడులతో పెద్ద ముగ్గు వేస్తాడు. దాన్ని పట్నం అంటాం. పట్నం ముందు ఒక పీట వేస్తారు. బుట్ట ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో పుట్టిన మగమనిషి ఆ పీట మీద కూర్చోవాలి. బైండ్లాయన అతని నుదుట పసుపు పెట్టి, ఎవరి బిడ్డవు అని అడుగుతాడు. కూర్చున్నవాడు, నీ బిడ్డను తల్లీ, నీ గడపకొచ్చిన అనాలి. ఆ మాట పడ్డాకే పట్నం నడుస్తుంది.

మా మామ కూర్చున్నాడు. తర్వాత మా ఆయన కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరు? నాకు కొడుకు లేడు. ఉన్న ఒక్క బిడ్డ జగిత్యాల వైపు తన ఇంట్లో తాను ఉంది. నేను కూర్చోకూడదట. దీపం పెట్టొచ్చు, బుట్ట తుడవొచ్చు, పీట మీద మాత్రం కూర్చోకూడదు. ఇది ఎల్లమ్మ చెప్పిన మాట కాదు, మగవాళ్లు చెప్పిన మాట. అయినా మా పాలోళ్లు, అంటే మా మామ అన్నదమ్ముల సంతతి అంతా, ఆ మాట మీదే నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన ఒకరున్నారు, నేను పెద్దమామ అంటాను. ఆయన తేల్చి చెప్పాడు.

"రాజలింగాన్ని పట్టుకరా. వాడు గా ఇంట్లనే పుట్టిండు. వాడు కూసుంటె బుట్ట నీ ఇంట్లనే ఉంటది. లేకుంటె తంగళ్లపల్లికి, మనోళ్ల ఇంటికి పోతది."

రాజలింగం నా మరిది. పడుచుతనంలోనే బొగ్గుబాయి పనికి బెల్లంపల్లి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆయనకు దేవుడు లేడు. అన్న కూర్చున్న పట్నానికి కూడా రాలేదు. ఆయన ఎందుకు అట్లా అయ్యాడో మా ఇంట్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం తయారుగా ఉండేది. చెడు సావాసం అని ఒకరు. తాగుడు అని ఒకరు, ఆయన తాగడు. నా దగ్గరా ఒకటి ఉండేది. ఆయన భార్య శారద, నా తోడికోడలు, వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. అప్పటి నుంచి దేవుడి మీద అలిగాడని నా లెక్క. అలిగినవాణ్ణి బుజ్జగించి తెచ్చుకోవచ్చు. ఆ ధైర్యంతోనే బయలుదేరాను.

కరీంనగర్ నుంచి గోదావరి దాకా

బస్సులో మాకు, అంటే ఆడవాళ్లకు, టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపితే చాలు. అది ఎక్కడైనా పడిపోతుందని నేను గరిజెల డబ్బాలో పెట్టాను. గరిజెలంటే కజ్జికాయలే, రాజలింగానికి ఇష్టం, ఆయన కోసం చేసినవి. కండక్టరు అడిగితే తీశాను, కార్డంతా నూనె. ఆయన దాన్ని తన ప్యాంటుకు తుడుచుకుని, కార్డు మీద ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసి, తలకు పెట్టాల్సిన నూనె దీనికి పెట్టినవేందే అవ్వా అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కరీంనగర్ బస్టాండులో చాయ్ పది రూపాయలు. గుక్కెడు కూడా లేదు. మా సాంచాల సందులో అదే పదికి దీనికి రెండింతలు పోస్తారు. మిర్చి మాత్రం బాగుంది, లోపల వాము పెట్టారు. అక్కడ మంచిర్యాల బస్సు ఎక్కాను. ముందు ఒక లారీ పోతోంది, గ్రానైటు బండ ఒకటే, మా ఇంటి ముందటి గది అంత ఉంటుంది. దాన్ని దాటడానికి డ్రైవరు చాలాసేపు హారన్ కొట్టాడు.

నా పక్కన నా వయసుదే ఒక ఆవిడ కూర్చుంది. మా ముందు సీట్లో కాలేజీ పిల్ల. గోదావరి వంతెన మీదికి రాగానే పక్కావిడ కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ల ఒకటి కిటికీలోంచి నీళ్లలోకి వేసి దండం పెట్టింది. కాలేజీ పిల్ల వెనక్కి తిరిగి, ఇది ఎందుకు వేస్తారో నీకు తెలుసా అవ్వా అని మొదలుపెట్టింది. పాతకాలంలో రాగి పైసలు ఉండేవట, రాగి నీళ్లను శుభ్రం చేస్తుందట, మన పెద్దలు సైన్సు తెలిసే ఇట్లా పెట్టారట. మంచి పిల్ల. ఆ ముసలామెకు గౌరవం ఇస్తున్నాను అనుకుంటోంది.

ఆవిడ అంతా విని, "గట్లనా బిడ్డా. నాకు తెల్వది. నేను గోదారమ్మకు దండం పెట్టిన" అంది.

"అదేనవ్వా, దాని వెనుక కారణం గిది."

"నా కారణం గది కాదు బిడ్డా" అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

నాకు నవ్వొచ్చింది. ఒకరి నోట్లో ఇంకొకరి కారణం పెట్టడం ఏమిటి ఈ పిల్ల అనుకున్నాను. నా సంచిలో నేను మోసుకుపోతున్నదీ అదే అని అప్పటికి నాకు తెలియదు.

బెల్లంపల్లి

పాత బొగ్గు ఊరు. వరుసలు వరుసలుగా క్వార్టర్లు, సగానికి మనుషులు లేరు, గోడల్లోంచి రావి మొలకలు లేచాయి. మా ఊళ్లో సాంచాల చప్పుడు ఆగితే నిద్ర పట్టదు, ఇక్కడ చప్పుడు ఆగిపోయి ఎన్నేళ్లయిందో. అయినా మనుషులు ఇంకా షిఫ్టుల లెక్కనే మాట్లాడతారు. రాజలింగం ఇల్లు ఎక్కడ అని అడిగితే, ఫస్ట్ షిఫ్టు రాజలింగమా, ఆ చివరి లైను అని చూపించారు. ఆయన పని మానేసి ఎంత కాలమైనా ఫస్ట్ షిఫ్టు రాజలింగమే.

ఇంటికి తాళం. పక్కింటామె వడియాలు ఎండబెడుతోంది. నేను ఎవరో చెప్పి, ఎక్కడికి పోయాడు అని అడిగాను.

"మంగళారం గదా అవ్వా. మైసమ్మ కాడికి పోయిండు. ఎప్పుడూ పోతడు."

నా మరిదా అని మళ్లీ అడిగాను. నీ మరిదే అంది. నేను గడప మీద కూర్చున్నాను. సంతోషం పట్టలేకపోయాను. ఊరికి తెలియకుండా, పాలోళ్లకు తెలియకుండా ఈయన ప్రతి మంగళవారం గుడికి పోతున్నాడా. అలక తీరిపోయి, చెప్పడానికి సిగ్గుపడుతున్నాడా. మా ఇంట్లో కూడా అది ఎల్లమ్మ రోజే. దీపం పెట్టే పని సరోజనకు అప్పజెప్పి వచ్చాను. ఇద్దరం ఒకే రోజు ఒకే పనిలో ఉన్నాం అనుకుని, సంచి పక్కింటామె దగ్గర పెట్టి లేచాను.

మూతపడ్డ గని దగ్గర

తొవ్వంతా, అంటే దారంతా, బొగ్గు పొడి. మధ్యలో నా చెప్పు తెగింది. రెండూ చేత్తో పట్టుకుని ఒట్టి కాళ్లతో నడిచాను, ఎండ మండుతోంది. గుడికి ముందు పూలు, కొబ్బరికాయలు అమ్మే ఆమె నన్ను చూసి, మొక్కుబడి నడకనా అవ్వా అని అడిగింది. చెప్పు తెగింది అన్నాను. ఆమె నమ్మలేదు. మొక్కు బయటికి చెప్పుకోకూడదని దాస్తున్నాను అనుకుంది. చేతులు జోడించి ఒక మూర పూలు ఊరికే ఇచ్చింది. చెప్పులు చూపించాను. అయినా పైసలు తీసుకోలేదు.

గని మొగం మూసేశారు. ఇనుప గేటు, తుమ్మ చెట్లు. మైసమ్మ గద్దె మాత్రం అట్లాగే ఉంది. లోపలికి దిగే ముందు ప్రతి మనిషీ ఆమెకు దండం పెట్టి దిగేవాడట. రాజలింగం గద్దె ముందు ఒంగి కొబ్బరికాయ కొడుతున్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి నల్ల కళ్లద్దాల మనిషి ఒకాయన నిలబడ్డాడు.

నేను పేరు పెట్టి పిలిచాను. ఆయన తిరిగి చూసి, చేతిలో చిప్పలు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"వదినె, నువ్వేంది ఈడ?"

"నువ్వేంది ఈడ?" అన్నాను. నా ముఖం వెలిగిపోతోంది కావచ్చు. ఆయనకు అర్థమై నవ్వాడు.

"నువ్వనుకునేది కాదు వదినె. ఈయన ఓదెలు, నాతోటి పనిచేసిండు. చూపు పోయింది. కొబ్బరికాయ ఓదెలుది, మొక్కు ఓదెలుది. చెయ్యొక్కటే నాది."

ఓదెలు నా గొంతు వచ్చిన వైపు తల తిప్పి దండం పెట్టాడు. "నా మొక్కులన్ని ఈయన చేతుల మీదికెల్లే పోతున్నయి చెల్లే. మైసమ్మ ఎవరి పేరు మీద రాసుకుంటుందో ఏమో."

"నీ పేరు మీదనే రాసుకొమ్మను. నాకు జాగ లేదు" అన్నాడు రాజలింగం.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట వాళ్ల మధ్య చాలాసార్లు నడిచిన మాటలా ఉంది. నా సంతోషం అక్కడే పడిపోయింది. కానీ ఒక ఆశ పుట్టింది. స్నేహితుడి కోసం కొబ్బరికాయ కొట్టేవాడు వదిన కోసం పీట మీద కూర్చోడా?

రెండు జబ్బులు, రెండు మందులు

సాయంత్రం క్వార్టరు అరుగు మీద కూర్చున్నాం. మంగళవారం నేను అన్నం ముట్టనని ఆయనకు గుర్తుంది. అటుకులు నానబెట్టి, బెల్లం, అరటిపండు పెట్టాడు. తను గరిజెలు తిన్నాడు. దారిలో ఎవరి బియ్యం మూటో మీద పడి అవి నుగ్గయ్యాయి, ఆయన చెంచాతో తిన్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన అంతా విని, లేచి, ముందటి గది తలుపు తీసి చూపించాడు. కొత్తగా సున్నం వేసి ఉంది. మంచం, దుప్పటి, గోడకు చిన్న టీవీ.

"నీ కోసమే వదినె. అన్న పోయినప్పటిసంది అనుకుంటున్న. ఒక్కదానివి ఉంటవు, ఇల్లు బోసిగ ఉంటది, భయమైతది. గందుకే గా బుట్టను ఇడువలేకపోతున్నవు. ఈడికి వచ్చి ఉండు. మనిషికి మనిషి ఉంటె గవన్ని అక్కర పడయి."

ఎంత ప్రేమగా చెప్పాడో చెప్పలేను. ఆ గది చూస్తే నా కళ్లు నిండాయి. కానీ నాకు అర్థమైంది. నా ఎల్లమ్మ ఒక జబ్బు, దాని పేరు ఒంటరితనం, దానికి మందు ఈ గది. అట్లా అనుకుని సున్నం వేయించాడు. నేను ఆగలేదు. నా మందు నేను తీశాను. శారద పోయాక నువ్వు అలిగినవు, దేవుడు కూడా మనుషుల లెక్కనే పొరపాటు చేస్తడు, ఎన్నేండ్లని కోపం పెట్టుకుంటవు అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"శారద పోయినప్పుడు నేను దేవున్ని తిట్టలే వదినె. లేనోన్ని ఏమని తిడుత? వానను తిట్టిన. బురదల దిగబడ్డ దవాఖాన బండిని తిట్టిన. దేవుని ముచ్చట అంతకు శానేండ్ల ముందుగాలనే అయిపోయింది. శారదకు ఎరికే. ఆమె దీపం పెడుతుంటె అగ్గిపెట్టె నేనే అందిస్తుంటి."

మరి ఏమైంది అని అడిగాను. ఏదో ఒకటి అయి ఉండాలి కదా.

"ఏం గాలే. గదే చెప్తున్న. కోపం లేదు, ఏడ్పు లేదు. ఆలోచన చేసిన, చూసిన, ఏం కనబడలే. ఉన్నదని ఎట్ల అనాలె?"

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంత చిన్న కారణమా? దీని కోసమా మేమందరం ఇన్నేళ్లు తాగుడనీ, సావాసమనీ, శారద అనీ అన్నది? ఆయన నా వైపు చూసి, మరి నువ్వు చెప్పు, ఎందుకు అని అడిగాడు. జీవితంలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. చిన్న పిల్లకు అన్నం ఎందుకు తింటున్నావు అంటే ఏం చెబుతుంది.

"నాకు భయం లేదు లింగం. భయమైతె తలుపు గొళ్లెం పెట్టుకుంట, ఎల్లమ్మతోటి ఏం పని? మీ అన్న పోయిన దినం గూడ దీపం పెట్టిన. ఏం అడగలే. బతికియ్యుమని గూడ అడగలే. ఆమె ఉన్నది గనుక పెట్టిన. కండెలు చుట్టుకుంట ఉంటె ఎనుక సాంచ నడుస్తున్నదా ఆగిందా తిరిగి చూడకుండనే తెలుస్తది. గట్ల తెలుసు నాకు."

ఆయన మెల్లగా చెప్పాడు. బాయిలో కూడా అంతేనట, గాలి ఆడుతున్నదా ఆగిందా ఒంటికే తెలుస్తుందట. ఆగిందని ఒంటికి తెలిశాక ఆడుతున్నదని పక్కవాడితో అనలేం కదా వదినె అన్నాడు.

అప్పుడు పీట సంగతి మళ్లీ అడిగాను. ఓదెలుకు చేసింది నాకు చెయ్యలేవా అన్నాను.

"ఓదెలుకు చెయ్యి ఇచ్చిన, నోరు ఇయ్యలే. పీట మీద మాట నాదైతది. నీ బిడ్డను, నీ గడపకొచ్చిన అనాలె. అది నేను అనలేను."

ఆ రాత్రి నా కోసం సున్నం వేసిన గదిలో పడుకున్నాను. మంచం మెత్తగా ఉంది.

ఆసిఫాబాద్ బస్సులో

ఇంత దూరం వచ్చి లతను చూడకుండా ఎట్లా పోతావని మరుసటి రోజు నన్ను ఆసిఫాబాద్ తీసుకుపోయాడు. లత ఆయన బిడ్డ, అక్కడ అంగన్‌వాడీలో టీచరు. అడవి దగ్గర పడుతున్న కొద్దీ మాట మారిపోయింది. సగం మరాఠీ, సగం నాకు తెలియని మాట. నా పక్కన ఒక గోండు ఆవిడ కూర్చుంది, ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఒడిలో ఒక కోడి. ఆ కోడి నా కొంగు పొడుస్తుంటే మాటలు కలిశాయి. ఏం పని మీద వచ్చావంటే బుట్ట సంగతి చెప్పాను.

వాళ్ల ఇంటి దేవుడు వాళ్ల ఊళ్లో లేడట. ఎక్కడో వేరే ఊళ్లో ఉంటాడట, ఏడాదికోసారి ఆ వంశం వాళ్లంతా కలిసి పోతారట. మీ ఇంట్లో లేడని బాధ ఉండదా అని అడిగాను. ఆవిడకు నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"ఇంట్ల ఉంటె మేం ఎందుకు పోతం?" అంది.

బాధ గురించి అడిగితే తొవ్వ గురించి చెప్పింది. అప్పుడు అట్లాగే అనిపించింది. ఆమె దిగేటప్పుడు కోడి కాలు తాడు నా సంచికి చిక్కుకుంది, విప్పేసరికి బస్సు ఆమె దిగాల్సిన చోటు దాటి ఆగింది. తిట్టుకుంటూ వెనక్కి నడిచి పోయింది.

జొన్నరొట్టె పొద్దున

లత ఇంట్లో మూడు పూటలా జొన్నరొట్టె. మేం అన్నం లేకపోతే తిన్నట్టు కాదు అనుకుంటాం, వాళ్లు రొట్టె లేకపోతే అట్లా అనుకుంటారు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పల్లీలు వేసి దంచిన కారాన్ని ఠేచా అంటారు. నాలుక మీద పెట్టగానే చెవుల్లోంచి పొగ వచ్చింది. లత నవ్వి పెరుగు పోసింది.

రాత్రి భోజనం దగ్గర లత తండ్రిని పట్టుకుంది. పెద్దవ్వ ముసల్తనంలో ఇంత దూరం వచ్చింది, ఒక్క రోజు పీట మీద కూర్చుంటే నీ సొమ్మేం పోతుంది బాపు అని. ఆయన రొట్టె తుంచుకున్నాడు.

తెల్లారి ఆయన గడ్డం చేసుకుని తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నేను పొయ్యి దగ్గర లతకు రొట్టె తట్టి ఇస్తున్నాను. నా రొట్టెలు అన్నీ మూలలే, గుండ్రంగా ఒక్కటీ రాలేదు.

"వస్త వదినె. ఎప్పుడో చెప్పు, కూసుంట."

లత లేచి తండ్రి చెయ్యి పట్టుకుంది. నా చేతులకు పిండి ఉంది, లేకపోతే నేనూ పట్టుకునేదాన్ని. బుట్ట నా ఇంట్లోనే ఉంటుంది. నా మంగళవారాలు నాకే ఉంటాయి. కడుపు నిండిపోయింది, ఆ పూట ఇక రొట్టె అక్కర లేదనిపించింది. ఆ సంతోషంలోనే అన్నాను, ఆ మాట ఒకసారి అను లింగం, మర్చిపోయావో ఏమో, పెద్దమామ ముందు తడబడితే బాగుండదు అని.

ఆయన చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "నీ బిడ్డను తల్లీ, నీ గడపకొచ్చిన."

ఒక్క అక్షరం తప్పలేదు. మా ఆయన ఎప్పుడూ సగం మింగేసేవాడు, ఈయన స్పష్టంగా అన్నాడు. అంటూ నా కళ్లలోకి చూస్తున్నాడు. సరిగ్గా ఉందా అని నన్ను అడుగుతున్నట్టు. తల్లీ అన్న ఆ మాట నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అంతకంటే ముందుకు పోలేదు.

నేను పెనం మీద రొట్టె తిప్పలేదు. మాడింది. లత దింపింది.

"వద్దు" అన్నాను.

"ఏం వద్దు?"

"కూసోకు. నువ్వు గా మాట నాకోసం అంటున్నవు."

"ఇంకెవరికోసం అంట వదినె? ఉన్నది నువ్వే గదా."

"గందుకే వద్దంటున్న. పట్నం ముందట నేనుండ, ఆమె ఉంటది. ఆమె మొఖం మీద నీతోటి అబద్ధం ఆడిచ్చుడు నాకిష్టం లేదు. అబద్ధమాడుడు నీకిష్టం లేదు. మరి గా పని ఎవరికోసం చేసుడు?"

"పెద్దవ్వా, బుట్ట పోతది" అంది లత.

"పోతది" అన్నాను.

రాజలింగం పీట లాక్కుని పొయ్యికి ఇవతల కూర్చున్నాడు. నేను కూర్చుంటే అబద్ధమని ఎల్లమ్మకు తెలిసిపోతుందని నీకు నిజంగానే అనిపిస్తుందా అని అడిగాడు. వెక్కిరింపు లేదు అందులో. అనిపించడం కాదు, తెలుసు అన్నాను.

"ఇన్నేండ్లు నువ్వు భయపడుతున్నవనుకున్న వదినె" అన్నాడు. "భయపడేటోళ్లయితె నన్ను కూసోబెడుదురు."

ఇంకో ముద్ద తీసుకుని తట్టాను. అదీ గుండ్రంగా రాలేదు. ఆయనకు అదే పెట్టాను, తిన్నాడు.

తిరిగి వచ్చాక

నన్ను మంచిర్యాల దాకా వచ్చి బస్సు ఎక్కించాడు. కొత్త చెప్పులు కొనిచ్చాడు, కొంచెం బిగుతు. గది అట్లాగే ఉంటుంది, భయమై కాదు, ఊరికే వచ్చి పో అన్నాడు. సరే అన్నాను. వస్తాను కూడా.

ఇంటికి వచ్చి పెద్దమామకు చెప్పాను. ఆయన వెంటనే పొగరు అన్నాడు.

"పొగరు కాదు మామ. కూసుంట అన్నడు. నేనే వద్దన్న."

"నువ్వెందుకు వద్దన్నవు? తిక్కనా నీకు?"

చెప్పడానికి చూశాను. ఆయనకు ఎల్లమ్మ లేదనిపించింది, అట్లాంటి మనిషి నోట ఉందని చెప్పించకూడదు అన్నాను. పెద్దమామ చెవికి అది ఎక్కలేదు. రెండు రోజుల్లో పాలోళ్లలో ఒక కారణం తయారైంది. మరిది వస్తే ఇంట్లో భాగం అడుగుతాడని నేనే అడ్డుపడ్డానట. అట్లా కాదని చెప్పడానికి నేను ఎవరింటికీ పోలేదు. నా మరిదికి మేమందరం ఎన్ని కారణాలు కుట్టి తొడిగామో నాకు తెలుసు కదా. ఆయన ఏనాడూ వాటి కోసం మా ఇంటికి కొట్లాటకు రాలేదు.

బుట్ట పోయే రోజు పొద్దున్నే గవ్వలు కడిగాను, వెండి ముఖం తుడిచాను, పసుపు సంచి కొత్త గుడ్డతో కుట్టాను. తంగళ్లపల్లి నుంచి మావాళ్ల కోడలు వచ్చింది. చిన్న పిల్ల, భయపడుతోంది. ఆమె తల మీద నేనే ఎత్తిపెట్టాను. ఎప్పుడు నిండా నూనె పొయ్యాలో, ఒత్తి ఎంత లావు ఉండాలో చెప్పాను. డప్పు ముందు, బుట్ట వెనుక, సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత బుట్ట ఉన్న గూడు కడిగి, ఏమీ పెట్టకుండా వదిలేశాను. సరోజన గణపతి పటం ఒకటి తెచ్చి ఇందులో పెట్టుకో అంది. వద్దన్నాను.

ఆ సాయంత్రం రాజలింగం ఫోన్ చేశాడు. బుట్ట పోయిందా అన్నాడు. పోయింది అన్నాను.

"ఏడ్చినవా?"

"ఏడ్చిన."

అది ఉత్త వెదురు బుట్ట అని ఆయన అనలేదు. నీ వల్లనే అని నేను అనలేదు. ఫోన్‌లో అటువైపు ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"వాళ్లు దీపం మంచిగ పెడుతున్నరా?" అని అడిగాడు.

మంగళవారం తంగళ్లపల్లి పోయి చూసొచ్చి చెబుతాను అన్నాను.

"చూసి చెప్పు" అన్నాడు.